నీటి యొడ్డున మజిలీ: వేదాద్రి నుండి హంసలదీవి దాక

వీపున ఒక సంచి, చేత ఒక కఱ్ఱ, ప్రొద్దు గ్రుంకిన చోట మజిలీ. ఈ విధమైన ప్రయాణము మనకు క్రొత్తది కాదు. 1830 మే నెలలో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు పరివారముతో, డేరాలతో పదునైదు నెలలు తిరిగి, తూర్పుతీరము వెంబడి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరుకొనిరి. ఆయన కాశీయాత్ర చరిత్రను చదివినవారికి ఒక సంగతి తట్టక మానదు. ఊరు వచ్చినప్పుడెల్ల అచ్చట నీరు ఎట్టిది, అంగడిలో ఏమి దొరకును, ముందున్న ఏరు దాటుటకు సాధనమేమి అని విచారించి ఆయన వ్రాసికొనిరి. సాహసము తక్కువైనవాడు అంత దూరము పోడు. విచారణ తక్కువైనవాడు అంత దూరము పోయి తిరిగి రాడు.

ఇప్పుడు కళాశాలలలో చదువుకొను పిల్లలకు ఈ కోరిక మరల కలిగినది. సెలవులు రాగానే నలుగురు కలిసి, చుట్టబెట్టి సంచిలో పెట్టుకొనదగిన గుడారమొకటి కొని, ఏటి యొడ్డుననో సముద్రపు టొడ్డుననో రెండు రాత్రులు గడిపి వత్తుమని బయలుదేరుచున్నారు. ఇంటిలో పెద్దవారు సాధారణముగ "వద్దు" అని ఊరకుందురు. వద్దన్న పిల్లవాడు ఆగిపోడు; చెప్పకుండ పోవును. అప్పుడతడు ఎక్కడున్నదీ ఎవ్వరికిని తెలియదు. నా అభిప్రాయమున, వద్దనుట కంటె నాలుగు ప్రశ్నలడిగి పంపుట మేలు. ఆ ప్రశ్నలేవో చెప్పుటకే ఈ ప్రసంగము.

మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు మెట్ట. ఇచ్చటి పిల్లలకు సముద్రము దూరము. కాని కృష్ణ దగ్గఱ. కృష్ణ యొడ్డున వేదాద్రి కలదు. జ్వాలా, సాలగ్రామ, యోగానంద, లక్ష్మీ, వీర నారసింహుల పంచమూర్తి క్షేత్రమది. అందు సాలగ్రామ నరసింహస్వామి ఏటి నీటిలోనే ఉన్నాడని ప్రతీతి. ఆ మెట్ల మీద కూర్చుండి దిగువకు చూచినవానికి, ఈ నీటి వెంట నడచిపోయినచో ఎక్కడ తేలుదుమో అని తోచుట సహజము. గుడిమెట్ల, ఇబ్రహీంపట్టణము దాటి, విజయవాడ ప్రకాశము బ్యారేజి దాటి, ఆంధ్రవిష్ణువున్న శ్రీకాకుళము, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగ హంసలదీవి యొద్ద సముద్రమున తేలుదుము. పులిగడ్డ యొద్ద కృష్ణ రెండుగ చీలి దివిసీమను కౌగిలించుకొనును. ఊహించుటకు ఇంత అందమైన నడకబాట మఱియొకటి లేదు. అయితే ఈ దారిలో మొదటి రాత్రి మజిలీకిని, కడపటి రాత్రి మజిలీకిని అపాయము ఒక్క రూపముననే వచ్చును. కంటికి కనబడని చోట బయలుదేరిన నీరు, మనము నిద్రించుచుండగ వచ్చి చేరును.

మొదట ఏటి సంగతి. వేసవిలోగాని, సంక్రాంతి రోజులలోగాని కృష్ణ సన్నబడి ఇసుక తిన్నెలు తేలును. మధ్యనున్న తిన్నె మీద గుడారము వేసికొన్నచో చుట్టును నీరు, పైన నక్షత్రములు, కుక్కల బాధ కూడ లేదు. ఏ పిల్లవానికైనను అదియే చక్కని చోటుగ కనబడును. అదియే పనికిరాని చోటు. వేదాద్రికి కొద్ది కిలోమీటర్ల ఎగువన పులిచింతల ఆనకట్ట కలదు. 2013 డిసెంబరులో జాతికి అంకితమైన ఈ జలాశయము ఇంచుమించు నలుబదియారు టి.ఎం.సి.ల నీటిని పట్టును. దాని ప్రక్కన విద్యుత్కేంద్రమున్నది. విద్యుత్తు కావలసినప్పుడు యంత్రములు తిరుగును. యంత్రములు తిరిగినప్పుడు నీరు క్రిందికి దిగును. డెల్టాకు నీరు కావలసినప్పుడు తలుపు లేచును. వీటికిని మన తలపైని ఆకాశమునకును సంబంధము లేదు. వేదాద్రిలో మబ్బు తునక లేకున్నను, మహారాష్ట్రలోను కర్ణాటకలోను వారము క్రిందట కురిసిన వాన శ్రీశైలము, నాగార్జునసాగరము దాటి వచ్చి తిన్నెను ముంచివేయవచ్చును. పూర్వము మన పెద్దలు వరదను మబ్బును చూచి కనిపెట్టిరి. ఆనకట్టలు వచ్చిన పిమ్మట ఆ లెక్క చెల్లదు. 2021 ఆగస్టు 5వ తేదీన పులిచింతల పదునారవ నంబరు తలుపు ఎత్తుచుండగ విఱిగి కొట్టుకొనిపోయినది. తలుపు బిగించుటకై జలాశయమును ఖాళీచేయవలసి వచ్చి, దిగువ ఊళ్లన్నింటికి హెచ్చరికలు పోయినవి. అట్టి దినమున తిన్నె మీద నిద్రించువాడు ఏమగునో చెప్పనక్కఱలేదు.

ఇది ఊహ కాదు. 2014 జూన్ 8వ తేదీ సాయంకాలము హిమాచల ప్రదేశమున మండి సమీపమందలి తలోట్ యొద్ద, విహారమునకై వెళ్లిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు బియాస్ నదిలోని రాళ్ల మీద నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుచుండిరి. ఎగువనున్న లార్జి ఆనకట్ట నుండి నీరు విడిచినారు. ఇరువదినలుగురు విద్యార్థులు కొట్టుకొనిపోయిరి. వారిలో ఎవ్వరును దుడుకుపని చేయలేదు. మోకాలిలోతు నీటిలో, పొడిరాళ్ల మీద నిలిచియుండిరి, అంతియే. ఎగువ ఏమున్నదో వారెరుగరు, చెప్పినవారును లేరు. తెలుగునాట ఎన్ని ఇండ్లు ఆ నాడు చీకటిపడినవో తలచుకొన్నప్పుడు, ప్రతి కళాశాలలోను ఈ ఒక్క పాఠమైనను చెప్పవలెనని నాకు తోచును.

కనుక పిల్లవానిని అడుగవలసిన మొదటి ప్రశ్న: "నీవు పండుకొను చోటికి ఎగువన ఏమున్నది?" ఆనకట్ట యున్నచో, తిన్నెల మీద గాక ఒడ్డు పైని, పాత వరదగుర్తుకు మీదుగ గుడారము వేయవలెను. పాత వరదగుర్తు కనుగొనుట కష్టము కాదు. తుమ్మకంపలకు చిక్కుకొన్న ఎండుగడ్డి, గుడ్డపేలికలు ఎంత యెత్తున వ్రేలాడుచున్నవో చూచిన చాలును. పడవవాడు, పశువుల కాపరి, రేవులో బట్టలుదుకు స్త్రీ, వీరిలో ఎవ్వరినైనను అడిగిన ఇంకను మేలు. చేరగానే నీటి అంచున ఒక పుల్ల గ్రుచ్చి, వంట అయిన పిమ్మట దానిని మరల చూడవలెను. పుల్ల మునిగినచో సామాను మూట కట్టవలెను. తేటనీరు హఠాత్తుగ బురదగ మాఱుట, నురుగు, ఎండుటాకులు గుంపులుగ కొట్టుకొనివచ్చుట, ఏటి చప్పుడు మాఱుట, ఇవన్నియు నీరు ముందుగ పంపు ఉత్తరములు.

ఏటిలో స్నానము సంగతి ఒక్కమాటలో చెప్పి ముగింతును. ఇసుక తవ్విన గోతులు నీటి క్రింద కనబడవు. మోకాలిలోతున నడచుచున్నవాడు మఱునాటి అడుగులో తలలోతున పడును. స్నానఘట్టములలోనే దిగవలెను. ఈత వచ్చునని చెప్పుకొను స్నేహితుని నమ్మి ఈత రానివాడు దిగరాదు. మునుగుచున్నవానికై చేయి చాచి దూకుట కంటె త్రాడో, పంచెయో, ఖాళీ డబ్బాయో విసరుట తెలివి. ఇతరుల కొఱకు దూకి పోయినవారు మన నదులలో తక్కువ కాదు. పడవ యెక్కునప్పుడు తేలుచొక్కా తొడుగనిదే అడుగు పెట్టరాదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్టణము చెంత పవిత్రసంగమము యొద్ద పడవ తలక్రిందులై ఇరువదిమందికి పైగ మరణించిరి. వారిలో పెక్కురు ఒంగోలు నుండి వచ్చిన ఉదయపు నడకసంఘమువారు. ఆరోగ్యము కొఱకు ప్రతిదినము నడచు క్రమశిక్షణ గల మనుష్యులు వారు. పడవ మంచిచెడ్డలు మాత్రము వారి చేతిలో లేకపోయెను.

జగ్గయ్యపేట దిక్కున పాలేరు, నందిగామ దిక్కున మునేరు వచ్చి కృష్ణలో కలియును. వేసవిలో చెప్పులు చేతబట్టుకొని దాటదగిన వాగులే. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ఇవి పొంగి జాతీయ రహదారినే ఆపివేసినవి. ఆ సెప్టెంబరు 2న ప్రకాశము బ్యారేజి యొద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు పోయినది. బ్యారేజి కట్టిన 1957 నుండి నేటి వఱకు అంత నీరు చూడలేదు. పొంగు వాగులో చీలమండ దాటిన నీటికే కాలు నిలువదు. మోకాలు దాటినచో వెనుకకు మరలవలెను. ఒక దినము ఆలస్యమైనచో సెలవు ఒక దినము తగ్గును, అంతకు మించిన నష్టము లేదు.

ఇక బ్యారేజి దాటి దివిసీమలోనికి పోయినప్పుడు మెట్టవాడు తెలిసికొనవలసిన క్రొత్త విద్య యొకటి కలదు. ఏటిలో నీరు ఒక దిక్కుననే పోవును. సముద్రతీరమున నీరు దినమునకు రెండు మాఱులు లోపలికి వచ్చి, రెండు మాఱులు వెనుకకు పోవును. వచ్చుట పోటు, పోవుట పాటు. నిన్న సాయంత్రము ఆఱు గంటలకు వచ్చిన పోటు నేడు ఇంచుమించు ఏబది నిముషములు ఆలస్యముగ వచ్చును. చంద్రుడు ప్రతిదినము అంత ఆలస్యముగ ఉదయించుటయే ఇందులకు కారణము. అమావాస్యకు, పూర్ణిమకు సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసన చేరును గనుక ఆ దినములలో పోటు మిక్కిలి హెచ్చును. అష్టమి నాటికి తగ్గును. కావున సముద్రపు టొడ్డున మజిలీకి పంచాంగము చాల పనికివచ్చు గ్రంథము. శాస్త్రము చదివినవారు దీనిని చూచి నవ్వనక్కఱలేదు. తిథి యనునది చంద్రుని స్థానమే గదా.

మన తీరమున పోటు నిలువున ఒక మీటరో, ఒకటిన్నర మీటరో లేచును. ఖంభాత్ సింధుశాఖలో పది మీటర్లు లేచు నీటితో పోల్చినచో ఇది చాల స్వల్పము. కాని దివిసీమ నేల పళ్లెము వలె చదునైనది. నిలువున మీటరు లేచిన నీరు అడ్డముగ ఎంతో దూరము ప్రాకును. మడ అడవుల నడుమ పాయలలో ఉదయము పొడికాళ్లతో నడచిపోయినవాడు మధ్యాహ్నము తిరిగి వచ్చుసరికి దారి నడుములోతు నీరై యుండును. క్రింద మోకాలి వఱకు దిగు బురద. మడ అడవులు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యములోనివి. అందు ప్రవేశించుటకు అటవీశాఖవారి అనుమతి కావలెను. అనుమతి యనగానే మనవారు విసుగుకొందురు. ఆ అనుమతితో దారి తెలిసిన మనిషి యొకడు వెంట వచ్చును. నిజముగ మనకు కావలసినది అతడే.

ఒడ్డున గుడారము ఎక్కడ వేయవలెను? ఇసుక మీద ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు ఒక గీతగ పడియుండును. క్రిందటి పోటు ఆ గీత వఱకు వచ్చినది. దానికి పైన మఱియొక పాతగీత యుండును. అది అమావాస్య, పూర్ణిమల పోటుది. ఆ పాతగీతకును పైన, మేకడెక్క వంటి ఆకులు గల తీగెయు, రావణాసురుని మీసము అను ముండ్లగడ్డియు పెరుగుచుండును. ఆ మొక్కలు వేళ్లూనిన చోటికి సామాన్యపు పోటు రాదు. వాటికి వెనుక, ఇసుకమెట్టకు లోపలి దిక్కున గుడారము వేసినచో గాలి దెబ్బయు తగ్గును. సరుగుడు తోటలో నీడ బాగుండును. అయితే అచ్చట నిప్పు రాజేయరాదు, ఎండిన సరుగుడు పూచికలు నూనెగుడ్డల వలె అంటుకొనును.

మంచినీటి మాట. ఉప్పుసముద్రము ప్రక్కన తియ్యని నీరు దొరకుట చూచి మెట్టవారు ఆశ్చర్యపడుదురు. ఇసుకమెట్టల వెనుక బెస్తలు చెలమ త్రవ్వి నీరు తోడుకొందురు. వాననీరు ఇసుకలోనికి ఇంకి, ఉప్పునీటి కంటె తేలిక గనుక దాని పైన తేలియుండును. చెలమ లోతుగ త్రవ్వినను, ఒక్కమాఱుగ తోడినను అడుగునున్న ఉప్పునీరు పైకి వచ్చి చెలమ చెడును. వేదాద్రి దిగువ ఇసుకలో చెలమ త్రవ్వుటకు అలవాటుపడిన చేయి ఇచ్చట కొంచెము ఓర్పు నేర్చుకొనవలెను. రెండు చోట్లను నీరు కాచియే త్రాగవలెను. నడకలో దాహము వేయకమునుపే త్రాగుట మంచిది. ఏప్రిల్, మే నెలలలో పగటినడక అసలే కూడదు. కృష్ణకు ఆవలి గట్టున పలనాటి రెంటచింతల ఎండకు ప్రసిద్ధికెక్కినది. ఈవలి గట్టు చల్లగ ఉండునని ఎవ్వరును భ్రమపడరు. డిసెంబరు మధ్య నుండి ఫిబ్రవరి కడ వఱకు ఈ ప్రయాణమునకు తగిన కాలము.

సముద్రస్నానమున ప్రాణములు తీయునది అలకాదు. అల మనలను ఒడ్డునకే నెట్టును. ఒడ్డున విఱిగిన అలల నీరంతయు ఏదో దారిన మరల సముద్రములోనికి పోవలెను గదా. ఇసుకలో కొంచెము లోతైన కాలువ వంటి చోటు చూచుకొని అది వేగముగ వెనుకకు పోవును. దీనిని తిరుగు ప్రవాహమందము. పైనుండి చూచినప్పుడు రెండుప్రక్కల అలలు తెల్లగ విఱుగుచుండగ, నడుమ ఒక వీధి నల్లగ, ప్రశాంతముగ కనబడును. భయస్తుడు అలలు లేవని ఆ చోటనే దిగును. అచ్చటనే సముద్రము లోనికి లాగుకొనును. 2022 జూలై 29న అనకాపల్లి జిల్లా పూడిమడక తీరమున ఇంజనీరింగు విద్యార్థులు కొట్టుకొనిపోయిన వార్త చదివినప్పుడు నాకు జ్ఞప్తికి వచ్చినది ఈ సంగతియే. పట్టుబడినవాడు ఒడ్డుకు ఎదురీదినచో అలసి మునుగును, గజయీతగాండ్రును ఎదురీదలేరు. వెల్లకిల తేలి, ఊపిరి కూడగట్టుకొని, ఒడ్డునకు సమాంతరముగ ప్రక్కకు ఈదవలెను. కాలువ వెడల్పు స్వల్పమే. అది దాటగానే అలలే మనలను తిరిగి ఒడ్డునకు తెచ్చును. ఈ మాట నేర్చుకొనుటకు అర నిముషము పట్టును. కాని లోపలికి లాగబడుచున్నప్పుడు జ్ఞప్తికి వచ్చునట్లు నేర్చుకొనవలెను. ఏటిలో ఈత నేర్చినవారు మఱింత జాగ్రత్త పడవలెను, వారికి నమ్మకము హెచ్చు.

పాముల కొఱకు పెద్దలు మిక్కిలి భయపడుదురు. ఆ భయము పూర్తిగ వ్యర్థము కాదు. కట్లపాము రాత్రివేళ నేల మీద నిద్రించువానిని కఱచును. నొప్పి తెలియదు, వాపు రాదు, తెల్లవాఱుసరికి కనురెప్పలు వాలిపోవును. అంచులు చాప క్రిందికి దోపిన దోమతెఱ దీనికి మంచి మందు. ఏ పాము కఱచినను, గాయము కోయుట, పీల్చుట, బిగించి కట్టుట మానవలెను. కఱచిన అవయవమును కదలనీయక ప్రభుత్వాసుపత్రికి చేర్చవలెను. విషమునకు విరుగుడు సూది అక్కడ ఉండును. 108 సంఖ్య అందులకే. వలలో పడిన సముద్రపుపామును ఎవ్వరును ముట్టరాదు.

ఇక గాలివాన. ఇది చెప్పునప్పుడు దివిసీమ పేరు తలచినవారి గొంతు మాఱును. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన అయిదు మీటర్లకు మించిన ఎత్తున లేచి మైళ్ల కొలది లోపలికి చొచ్చినది. సర్కారు లెక్కకే ఇంచుమించు పదివేలమంది మరణించిరి. నేడు ఉపగ్రహములు, మచిలీపట్నములో రాడారు ఉన్నవి. రోజుల ముందే హెచ్చరిక వచ్చుచున్నది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటునని ముందుగనే తెలిసినది. తెలిసినను, సెల్‌ఫోను అందని దిబ్బ మీద నున్నవానికి అది చేరదు. కనుక సంచిలో అగ్గిపెట్టెతో పాటు చేతి రేడియో ఒకటి, విడి బ్యాటరీలు నాలుగు ఉంచుకొనుడు. ఇది నా వృత్తి మీది అభిమానముతో చెప్పుచున్నానని కొందఱనుకొనవచ్చును. కొంత అదియు నిజమే. అక్టోబరు నుండి డిసెంబరు మొదటి పక్షము వఱకు, మరల ఏప్రిల్, మే నెలలలో, బంగాళాఖాతమున వాయుగుండమని వినబడిననాడే గుడారము విప్పవలెను. బెస్తలు పడవలు పైకి లాగుచున్నచో రేడియో కొఱకు కూడ ఆగరాదు.

పిడుగు మాట మఱవరాదు. మెఱుపునకు, ఉఱుమునకు నడుమ ముప్పది లెక్కపెట్టులోపల చప్పుడు వినబడినచో పిడుగు పది కిలోమీటర్లలోపల నున్నది. తిన్నె మీద, సముద్రపు టొడ్డున మనమే ఎత్తైన వస్తువులము. ఒంటి తాడిచెట్టు క్రిందికి పోవుట అంతకంటె చెడుగు. పక్కా ఇల్లో, మూతగల వాహనమో వెదకికొని, కడపటి ఉఱుము తరువాత అరగంట ఆగవలెను.

ఇంటివద్ద వ్రాసి ఉంచవలసిన కాగితము చాల చిన్నది: ఎవరెవరు పోవుచున్నారు, ఏ రాత్రి ఏ ఊరి దగ్గఱ, ఏ దినము ఎన్ని గంటలకు తిరిగి మాటాడుదురు, మాట రానిచో ఎన్ని గంటలు ఆగి ఎవరికి చెప్పవలెను. నేల మీద 112, సముద్రము మీద తీరరక్షకదళమువారి 1554. మజిలీ యొద్ద ఊరిపెద్దకో, బెస్తపేటలో ఒక ఇంటికో "ఈ రాత్రి ఇక్కడ నుందుము" అని చెప్పి పండుకొన్నచో, ఒడ్డున మనకు తెలిసిన మనుష్యులు ఒకరిద్దరు ఏర్పడుదురు. తెల్లవాఱి చేపలపులుసు కూడ దొరకవచ్చును.

జనవరి నుండి మార్చి వఱకు హంసలదీవి దిక్కున నడచువారు రాత్రివేళ ఒడ్డున పెద్ద దీపములు, మంటలు పెట్టరాదు. ఆ నెలలలో సముద్రపు తాబేళ్లు ఇసుకలోనికి వచ్చి గ్రుడ్లు పెట్టి పోవును. పిల్లలు పుట్టి, వెలుతురు కనబడిన దిక్కునకు ప్రాకును. చీకటిరాత్రి నీటి మీద మెఱయు పలుచని కాంతియే వాటికి దారి. మన దీపము చూచి ఊరి దిక్కునకు మరలినచో తెల్లవాఱులోపల కుక్కలకో కాకులకో చిక్కును. దీపమార్పి, ఇసుకమెట్ట వెనుక కదలక కూర్చున్నవారికి, వేళ కలిసివచ్చినచో, తల్లి తాబేలు ఇసుకను చిమ్ముచు గుంట త్రవ్వు చప్పుడు వినబడును.